నా నాలుగు మిల్లీమీటర్లు

మా పై అంతస్తులో ఒక విజయవాడ కుటుంబం ఉంటుంది. వాళ్ళమ్మాయి ఈ మధ్యే ఒక ఆసుపత్రిలో సి.టి. టెక్నాలజిస్టుగా చేరింది. ఢిల్లీ పక్కన ఈ ఇందిరాపురంలోనే పుట్టి పెరిగిన పిల్ల కాబట్టి నేను తెలుగులో పలకరిస్తే హిందీలో జవాబు చెబుతుంది. మొన్న లిఫ్టులో కలిసి, "అంకుల్, ఆప్‌కే రోబో కీ ఎక్యురసీ కిత్నీ థీ?" అని అడిగింది. నేను ఉద్యోగం చేసినప్పటి రోబో గురి ఎంత కచ్చితంగా ఉండేదని. వాళ్ళ ఆసుపత్రికీ అలాంటి యంత్రం వస్తోందట. సూది గురి తప్పేది ఒక్క మిల్లీమీటరేనని కంపెనీవాళ్ళ పుస్తకంలో రాసి ఉందట.

"పుస్తకంలో రాసింది నిజమేనమ్మా," అన్నాను.

"తో ఇత్నా సోచ్ క్యోఁ రహే హైఁ, అంకుల్?" అని నవ్వింది, మరి ఇంత ఆలోచన దేనికని. అంతలో నేను దిగాల్సిన అంతస్తు వచ్చేసింది.

నేను ఆలోచిస్తున్నది చెప్పడానికి లిఫ్టులో ఉండే సమయం చాలదు. అందుకే రాస్తున్నాను. ఆ పిల్లకు తెలుగు చదవడం రాదు, వాళ్ళమ్మ చదివి వినిపిస్తుందని ఆశ. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మిగతావాళ్ళు కూడా చదువుకోవచ్చు.

నేను ఇంజనీరును కాను. కృష్ణా జిల్లాలో ఇంటర్ దాకా లెక్కలు చదివి, డిగ్రీ మధ్యలో మానేసి, ఎక్స్‌రే డిప్లొమా చేసి ఢిల్లీ వచ్చినవాణ్ణి. లెక్కల మీద ఆకలి మాత్రం చావలేదు. సెలవు దొరికిన ఆదివారాల్లో జనక్‌పురిలో బస్సెక్కి జియా సరాయ్ వెళ్ళేవాణ్ణి. అక్కడ కోచింగ్ పూర్తయిన కుర్రాళ్ళు అమ్మేసిన పుస్తకాలు కిలోల లెక్కన దొరికేవి. త్రికోణమితి, వెక్టర్లు, సంభావ్యత అన్నీ అలా ఎవరో గీతలు గీసిన పుస్తకాల్లోంచి నేర్చుకున్నవే. అర్థం కాని చోట అడగడానికి ఎవరూ ఉండేవారు కాదు. అందువల్ల నాకొక జబ్బు పట్టుకుంది. నేను కొలిచిందే నమ్ముతాను, కొలవనిది లేదనుకుంటాను.

మా సి.టి. విభాగానికి రోబో వచ్చేనాటికి నాకు నలభై ఐదు నిండాయి. రోబో అంటే సినిమాల్లో నడిచే బొమ్మ కాదు. బల్ల పక్కన నిలబడే ఒక చెయ్యి, అంతే. ఊపిరితిత్తిలోనో కాలేయంలోనో అనుమానం గడ్డ ఉంటే, సూదితో ముక్క తీసి పరీక్షకు పంపాలి. ముందు మనిషిని ఊపిరి బిగబట్టమని ఒక స్కాన్ తీస్తాం. డాక్టరుగారు తెరమీద సూది ఎక్కణ్ణించి వెళ్ళాలో, ఎక్కడ ఆగాలో గుర్తు పెడతారు. ఆ చెయ్యి వచ్చి సరిగ్గా ఆ చోట, ఆ వాలులో ఒక సన్నటి గొట్టాన్ని పట్టుకుని నిలబడుతుంది. అప్పుడు మనిషి మళ్ళీ ఊపిరి బిగబడితే, డాక్టరు ఆ గొట్టంలోంచి సూది దించుతారు. తర్వాత ఇంకో స్కాన్ తీసి, అనుకున్న చోటికీ సూది మొన చేరిన చోటికీ ఎంత దూరమో చూస్తాం.

ఆ దూరాన్ని నేను ఒక నోటుబుక్కులో రాసుకోవడం మొదలుపెట్టాను. ఎవరూ అడగలేదు. పేర్లు రాసేవాణ్ణి కాదు. కేసు నంబరు, ఆడో మగో, వయసు, ఏ భాగం, గడ్డ సైజు, తప్పిన దూరం, ఎటువైపు తప్పిందీ రాసేవాణ్ణి.

ఇప్పుడు మా సిస్టర్ గురించి చెప్పాలి.

ఆమెది బాపట్ల దగ్గర ఒక ఊరు. నర్సింగ్ పాసై ఇరవయ్యేళ్ళ వయసులో ఢిల్లీ వచ్చి, పెళ్ళి చేసుకోకుండా అక్కడే ఉండిపోయింది. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. పదిమందిలో సిస్టర్ అనేవాణ్ణి, మేమిద్దరమే ఉన్నప్పుడు అక్కా అనేవాణ్ణి. ఆమె మాత్రం ఎక్కడైనా "ఏమయ్యా, లెక్కల తమ్ముడూ" అనే పిలిచేది. ఆదివారం తెలుగు చర్చిలో ఆరాధన అయ్యాక పెట్టే పులిహోర సోమవారం నాకోసం డబ్బాలో తెచ్చేది. "నిన్నటిది, అయినా బాగుంటది తిను," అనేది.

బల్ల ఎక్కబోయే ప్రతి మనిషి పక్కనా ఆమె బయట కుర్చీలో పావుగంట కూర్చునేది. ముందు ఇంట్లో ఎవరెవరున్నారో అడిగేది. కబుర్లలో పెట్టి పొట్టమీద చెయ్యేసి, "గులాబ్ సూంఘో. ఆధా. బస్, రోకో," అనేది. గులాబీ వాసన చూసినట్టు సగం పీల్చి ఆపమనడం. మళ్ళీ అదే. మళ్ళీ అదే. ఒకసారి హర్యానా నుంచి పాల డెయిరీ ఆసామి ఒకాయన వచ్చాడు. తలుపంత మనిషి. "సిస్టర్ జీ, మైఁ తో దో మినట్ రోక్ లూఁ," అని ఛాతీ విరుచుకున్నాడు.

"దో మినట్ నహీఁ చాహియే, పహల్వాన్. హర్ బార్ ఏక్ జైసా చాహియే," అంది సిస్టర్.

రెండు నిమిషాలు బిగబట్టడం కాదు, ప్రతిసారీ ఒకేలా బిగబట్టాలి. ఎందుకంటే ఊపిరితిత్తి కింది భాగం ఊపిరితో పాటు పైకీ కిందికీ జరుగుతుంది. మొదటి స్కాన్‌లో ఎక్కువ పీల్చి, సూది దించేటప్పుడు తక్కువ పీలిస్తే గడ్డ అనుకున్న చోట ఉండదు. రోబో మాత్రం మనం చెప్పిన చోటికే వెళ్ళి నిలబడుతుంది. నాకు తెలిసిన రోబో గుణాల్లో గొప్పదీ అదే, ప్రమాదమైనదీ అదే.

రెండో ఏడాదికి మా దగ్గరకు కేసులు బాగా పెరిగాయి. రోజుకు ఇన్ని చేయాలని పైనుంచి ఒత్తిడి. ఎక్కడ సమయం తగ్గించవచ్చో చూడ్డానికి ఒకాయన గడియారం పట్టుకుని రెండు రోజులు మా గదిలో నిలబడ్డాడు. ఆయన కంటికి ఆ పావుగంట కబుర్లలాగే కనిపించింది. ఊపిరి సంగతి యంత్రమే చెబుతుందిగా అన్నాడు. నిజమే, చెబుతుంది. పొట్టకు ఒక పట్టీ కడితే ఊపిరి తెరమీద గీతలా కనిపిస్తుంది. రికార్డు చేసిన గొంతు "సాఁస్ లీజియే, రోకియే" అని ఊపిరి పీల్చి ఆపమంటుంది. గీత పచ్చరంగు గడిలో ఉంటే చాలు. సిస్టర్‌ను లోపలి పనికి మార్చారు. ఎప్పుడైనా సందు దొరికితే మాత్రం బయటికి వెళ్ళి ఎవరో ఒకరి పక్కన కూర్చునేది.

ఆ తర్వాత కొన్ని నెలలకు నా నోటుబుక్కులో ఒక విషయం బయటపడింది. ఊపిరితిత్తి కింది భాగంలో చేసిన కేసుల్లో సూది మొన దాదాపు ఎప్పుడూ ఒకే వైపు, కాళ్ళవైపే తప్పుతోంది. సగటు నాలుగు మిల్లీమీటర్లు. అన్ని వైపులకూ చెదిరితే అది యాదృచ్ఛికం, ఒకే వైపుకు ఒరిగితే దానికి కారణం ఉండాలి. ఈ సంగతి జియా సరాయ్ పుస్తకాల్లో ఎక్కడో చదివాను. కారణం వెతకాలి. నేను వెతకలేదు. ఒరిగినంత మేర వెనక్కి లాగితే సరిపోతుందనుకున్నాను. గురిని నాలుగు మిల్లీమీటర్లు తలవైపుకు జరిపితే చాలని డాక్టరు మేడమ్‌కు చూపించాను.

మేడమ్ ఢిల్లీలోనే పుట్టి పెరిగిన మనిషి. నలభై దాటలేదు. చేతి వేగం, కంటి చురుకు, రెండూ ఉన్నవారు. నా అంకెలు రెండు రోజులు దగ్గర పెట్టుకుని చూశారు. ఆ తర్వాత ఆరు కేసుల్లో పెట్టి చూశారు. ఆరూ బాగా వచ్చాయి. అంతే, అది మా గది ఆచారమైపోయింది. తెరమీద గురి పెట్టాక మేడమ్ నావైపు చూసి "భయ్యా కే చార్?" అనేవారు. నేను తలూపేవాణ్ణి. భయ్యాగారి నాలుగు. డిగ్రీ పూర్తి చేయనివాడి అంకె ఒకటి అంత పెద్ద ఆసుపత్రిలో నా పేరు మీద నడుస్తోందంటే ఎంత గర్వంగా ఉండేదో మీరే ఊహించుకోండి.

సిస్టర్‌కు చెబితే ఆమె చేతులు తుడుచుకుంటూ, "ముందు నా పావుగంట నాకిప్పించు. తర్వాత చూద్దాం నీ నాలుగు సంగతి," అంది.

పని మార్చారన్న కోపంతో అంటోందనుకున్నాను.

మరుసటి చలికాలం సిస్టర్‌కు దగ్గు పట్టుకుంది. ఢిల్లీ చలికాలంలో దగ్గనివాళ్ళెవరు? మేడమ్ బలవంతం మీద స్కాన్ తీయించుకుంది. కుడి ఊపిరితిత్తి కింది భాగంలో ఆరు మిల్లీమీటర్ల చుక్క. మూడు నెలలాగి తీస్తే తొమ్మిది. పెరిగింది కాబట్టి ముక్క తీసి చూడాల్సిందే.

"వేరే ఆసుపత్రికి వెళ్దామా అక్కా?" అని అడిగాను.

"ఎందుకు? వేరే చోట సూది మెత్తగా ఉంటదా?" అంది. తర్వాత మెల్లిగా, "తొమ్మిదంటే చిన్నదే కదా? తగులుద్దా?" అని అడిగింది.

"తగులుతుంది. మన లెక్క ఉందిగా."

ఆ రోజు ఉదయం పదింటికి ఆమె తాను రోజూ దుప్పటి పరిచే బల్లమీద బోర్లా పడుకుంది. కొత్త నర్సు పట్టీ కట్టింది. రికార్డు గొంతు మొదలవగానే మైకులోంచి సిస్టర్ గొంతు వినిపించింది. "చూశావా, నాకే చెప్తోంది ఇది!" అద్దం ఇవతల కంట్రోల్ రూములో అందరం నవ్వాం.

గీత తెరమీదికి వచ్చింది. అలాంటి గీత నేను అంతకుముందు చూడలేదు. మొదటి స్కాన్‌కు బిగబట్టిన ఎత్తూ, తర్వాత మత్తు సూది ఇచ్చేటప్పటి ఎత్తూ, ఆ తర్వాతదీ, మూడూ ఒకే మట్టంలో ఉన్నాయి. స్కేలు పెట్టి గీసినట్టు. మిగతావాళ్ళ గీత పచ్చగడిలో పైనుంచి మొదలై రెండోసారికి అడుగుకు దిగిపోయేది. ఈమెది కదల్లేదు. ముచ్చటేసి కొత్త నర్సుకు తెర చూపించి, "దేఖో, దేఖో," అన్నాను.

మేడమ్ గురి పెట్టి నావైపు తిరిగారు. "భయ్యా కే చార్?"

"లగాయియే, మేడమ్," అని పెట్టమన్నాను.

ఎదురుగా ఆ గీత ఉంది. చూస్తూనే ఉన్నాను. దాన్ని మెచ్చుకుంటూనే ఆ మాట అన్నాను.

మేడమ్ సూది దించారు. చెక్ స్కాన్ తీశాం. తెరమీద సూది మొన గడ్డ పై అంచును రాసుకుని తలవైపున ఉంది. నేను కొలిచాను. నాలుగు పాయింట్ ఒకటి. రోబో ఏమీ తప్పలేదు. నేను చెప్పిన చోటికే వెళ్ళింది.

మేడమ్ సూదిని కొంచెం వెనక్కి లాగి వాలు మార్చి మళ్ళీ పంపారు. ఈలోగా ఊపిరితిత్తి నుంచి గాలి బయటికి లీకవడం మొదలైంది. తిత్తి కొద్దిగా కుంగింది, గడ్డ జరిగిపోయింది. సిస్టర్ ఒకసారి దగ్గింది. "దీదీ, హిలియే మత్," అని కదలొద్దన్నారు మేడమ్. దొరికినంత ముక్క తీసుకుని ఆపేశారు. ఛాతీలోకి సన్నగొట్టం వేసి గాలి తీసి వార్డుకు పంపారు.

రెండు రోజులకు రిపోర్టు వచ్చింది. మామూలు ఊపిరితిత్తి కణాలు ఉన్నాయి, గడ్డ గురించి ఏమీ చెప్పలేం అని.

నేను మేడమ్ గదికి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆమె వింటున్నంతసేపూ పెన్ను మూత తీసి పెడుతూ ఉన్నారు. "క్లిక్ మైనే కియా థా, భయ్యా. సైన్ భీ మేరా హై," అన్నారు చివరికి. గురి నొక్కిందీ, సంతకం పెట్టిందీ తానేనని తప్పు తన మీద వేసుకోవడం ఆమె మంచితనం. దానితో నాకు మరింత కష్టమైంది.

మధ్యాహ్నం వార్డుకు వెళ్ళాను. సిస్టర్ దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. గొట్టం చివర సీసాలో నీళ్ళు బుడగలు వేస్తున్నాయి.

"నొప్పిగా ఉందా అక్కా?"

"గొట్టం గుచ్చితే నొప్పి లేకుండా ఉంటదా? కూర్చో." నేను కుర్చీ లాక్కోగానే అడిగింది. "ఎంత తప్పింది?"

"నాలుగు."

"ఎటు?"

"తలవైపు."

ముప్ఫై ఏళ్ళు ఆసుపత్రుల్లో పనిచేసిన మనిషికి ఇంకేమీ చెప్పనక్కర్లేదు. "అయితే నీ నాలుగు పెట్టారన్నమాట."

"నేనే పెట్టమన్నాను."

"నాకా?" అంది.

నేను తలూపాను.

"వచ్చినోళ్ళందరికీ ఊపిరి ఆపడం నేర్పింది నేను. నాకు పెట్టావా నాలుగు? అద్దం అవతల్నించి మైకు నొక్కి ఒక్క మాట అడిగితే చెప్పేదాన్ని కదయ్యా, ఇవాళ నాకు వద్దని."

"అడగాలని తోచలేదక్కా."

"అదే మరి. తోచలేదు." గొంతు పెంచబోయి నొప్పితో ఆగింది. "ఇన్నేళ్ళూ ఆ కుర్చీలో కూర్చుని నేనేం చేస్తన్నాననుకున్నావు? కబుర్లు చెప్తన్నాననుకున్నావా?"

నిజం చెప్పాలంటే అలాగే అనుకున్నాను. ఆ గడియారం ఆయనకూ నాకూ పెద్ద తేడా లేదు. నా నోటుబుక్కులో వయసుకు గడి ఉంది, సైజుకు గడి ఉంది, దిక్కుకు గడి ఉంది. ఆ మనిషికి సిస్టర్ నేర్పిందా లేదా అన్నదానికి గడి లేదు.

వెళ్ళబోతుంటే ఆమే అంది. "రేపు ఆ పుస్తకం పట్రా."

మూడు మధ్యాహ్నాలు, వార్డులోకి బయటివాళ్ళను రానిచ్చే రెండు గంటలూ, మేమిద్దరం ఆ పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాం. నా ఉద్యోగం మొత్తంలో మళ్ళీ తెచ్చుకోగలిగితే ఆ ఆరుగంటలే తెచ్చుకుంటాను.

"కేసు నంబరు అరవై ఒకటి. ఎడమ కింది భాగం," అని నేను చదివేవాణ్ణి.

"ఎవరది?"

"పేర్లు లేవక్కా. ఆడమనిషి, యాభై ఎనిమిది."

"ఘాజియాబాద్ గాజుల కొట్టావిడా? కోడలు పక్కన కూర్చుని ఏడుస్తుంటే అత్తే కోడల్ని ఓదార్చింది?"

"ఏమో."

"ఆవిడే. నేర్పాను. నాలుగోసారికి కుదిరింది. ఎంత వచ్చింది?"

"ఒకటి పాయింట్ రెండు."

"చూశావా," అని తృప్తిగా దిండు సర్దుకునేది.

కొన్నింటి దగ్గర ఎంత ఆలోచించినా ఆమెకు గుర్తొచ్చేది కాదు. "అయితే నేర్పలేదు. నేర్పినోళ్ళని మర్చిపోను," అనేది. నేను అనుమానంగా చూస్తే, "నీకు నమ్మకం లేకపోతే పక్కన ప్రశ్న గుర్తు పెట్టుకో," అనేది. పెట్టుకున్నాను కూడా. తర్వాత డ్యూటీ రిజిస్టరు తెప్పించి సరిచూశాను. ఒక్కటి తప్ప అన్నీ సరిపోయాయి. ఆ ఒక్కటీ రిజిస్టరే తప్పని ఆమె వాదన.

నాకు అంకెలు గుర్తున్నాయి, ఆమెకు మనుషులు గుర్తున్నారు. రెండూ జత కుదిరాక పేజీ నిలువునా రెండుగా విడిపోయింది. నా నాలుగు మొదలుకాకముందు కేసుల్లో, ఆమె నేర్పినవాళ్ళకు సూది తప్పింది ఒకటిన్నర మిల్లీమీటర్లు, అదీ ఒక దిక్కంటూ లేకుండా. నేర్పనివాళ్ళలో నాలుగు దాటి, కాళ్ళవైపుకే. బల్లమీద భయపడ్డ మనిషి మొదటిసారి నిండుగా పీల్చి, సూది చూశాక కొంచెమే పీలుస్తాడు. ఆ తేడాకే నేను నా పేరు పెట్టుకున్నాను. నా నాలుగు యంత్రం చేసిన తప్పూ కాదు, ఊపిరితిత్తి చేసిన తప్పూ కాదు. మేం తీసేసిన పావుగంట అది.

ఆ కాగితం పట్టుకుని మేడమ్ పైవాళ్ళ దగ్గరికి వెళ్ళారు. రోజుకు రెండు కేసులు తగ్గించి పావుగంట వెనక్కి తెచ్చారు. "భయ్యా కే చార్" అనే మాట మా గదిలో మళ్ళీ వినపడలేదు.

కానీ సిస్టర్ గడ్డ అలాగే ఉంది. అది ఏమిటో ఇంకా తెలియదు. మూడు వారాలాగి, తిత్తి మానాక మళ్ళీ బల్ల ఎక్కింది. ఈసారి గీత మట్టంగా లేదు. మొదటి ఊపిరి ఒక ఎత్తు, రెండోది అందులో సగం, మూడోది ఎటూ కానిది. గొట్టం నొప్పి ఒకసారి చూసిన ఛాతీ నిండుగా పీల్చడానికి ఒప్పుకోవడం లేదు. కొత్త నర్సు ప్రయత్నించింది. మేడమ్ ప్రయత్నించారు. కుదరలేదు.

"తమ్ముణ్ణి రమ్మనండి," అంది సిస్టర్ బల్లమీంచే. తర్వాత హిందీలో మళ్ళీ చెప్పింది.

మనిషి బల్లమీద ఉండగా స్కాన్ గది తలుపు దాటి లోపలికి వెళ్ళి, అతని పక్కన కూర్చుని మాట్లాడడం నా ఉద్యోగంలో ఎప్పుడూ లేదు. వెళ్ళి తల దగ్గర స్టూలు వేసుకున్నాను.

"నేర్పు," అంది.

"నాకు రాదక్కా."

"ఎవరికీ రాదు. మొదలెట్టు."

వీపు మీద చెయ్యి ఆనించి, "ఒకటి, రెండు, మూడు..." అన్నాను.

"లెక్కపెట్టకు. లెక్కపెడితే భయమేస్తంది. మాట్లాడు."

"ఏం మాట్లాడను?"

"ఏదో ఒకటి. పొద్దున ఏం తిన్నావు?"

"పెసరట్టు వేద్దామనుకున్నాను. పిండి పెనానికి అంటుకుపోయింది. గరిటెతో గీకితే ముక్కలైంది. చివరికి గేటు దగ్గర బండి మీద ఛోలే కుల్చే తిన్నాను."

"పెనం కాలకుండా వేసుంటావు."

"కాలింది. పొగ కూడా వచ్చింది."

"పొగ వచ్చిందంటే మరీ కాలిపోయిందన్నమాట. నీళ్ళు చిలకరించి, ఉల్లిపాయ ముక్కతో రుద్దాలి. ఆ మాత్రం తెలీదా?" అని నవ్వబోయింది. నా చెయ్యి కింద వీపు కొంచెం వదులైంది. అప్పుడన్నాను. "సగం పీల్చక్కా. అంతే. ఆపు." వదిలింది. మళ్ళీ పెనం సంగతి. మళ్ళీ సగం. అలా పన్నెండుసార్లు. పదోసారి నుంచి మూడూ ఒకేలా వచ్చాయని మేడమ్ అద్దం అవతల్నించి వేళ్ళు చూపించారు.

"తమ్ముడూ, నీ వేళ్ళు ఇంకా లెక్కపెడుతున్నాయి," అంది సిస్టర్.

"నీకు తెలుస్తోందా?"

"నా వీపేగా."

స్కాన్‌కు నేను బయటికి రావాలి. రికార్డు గొంతు ఆపేసి మైకు నేను తీసుకున్నాను. ఆ గది స్పీకర్లో తెలుగు వినిపించడం అదే మొదటిసారి. మేడమ్ గురి పెట్టి, ఏమీ అడగకుండా, నావైపు చూశారు. "జీరో, మేడమ్," అన్నాను. సూది దిగింది. చెక్ స్కాన్‌లో మొన గడ్డ మధ్యలో ఉంది. ఎంత తప్పిందో కొలవమని మేడమ్ అంటే, కొలిచి చెప్పాను. ఒకటి పాయింట్ మూడు.

ఆ తర్వాతి సంగతులు ఇప్పుడే చెప్పేస్తాను. అది క్యాన్సరే. చిన్నదిగా ఉండగా దొరికింది కాబట్టి ఆ భాగం కోసి తీసేశారు. సిస్టర్ బతికింది. బాపట్ల వెళ్ళిపోయి చెల్లెలి ఇంటి పక్కన రెండు గదులు తీసుకుంది. ఫోన్‌లో గొంతు బాగానే ఉంటుంది. నేను ఇంకో మూడేళ్ళు చేసి, కంటిచూపు తెర మీద నిలవక స్వచ్ఛందంగా మానేశాను. ఆ మూడేళ్ళూ బయట కుర్చీలో నేనే కూర్చుని కృష్ణా జిల్లా హిందీలో గులాబీ వాసన చూడమన్నాను. నా సగటు ఎప్పుడూ రెండుకు కిందికి రాలేదు. ఆమె ఒకటిన్నర నాకు దొరకలేదు. యంత్రం అదే, గది అదే, పావుగంట అదే. మిగిలిన ఆ అర మిల్లీమీటరు ఎక్కడుందో నాకు తెలుసు. అది సిస్టర్‌తో పాటు బాపట్ల వెళ్ళిపోయింది. కొత్తగా వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగేది ఇంతే. మీ గదిలోనూ ఏ గడిలోనూ పడని మనిషి ఒకరుంటారు. అంకెలు బాగున్న రోజుల్లోనే వెళ్ళి వాళ్ళను అడగండి. నేను ఆలస్యంగా అడిగాను.

ఇక ఆ రెండో రిపోర్టు వచ్చిన రోజు సంగతి. మేడమ్ తన గదిలో కూర్చోబెట్టి సిస్టర్‌కు చెప్పారు. అక్కణ్ణించి ఆమె తిన్నగా కంట్రోల్ రూముకు వచ్చింది. డ్యూటీలో లేదు. మామూలు చీరలో ఉంది. నా పక్క కుర్చీలో కూర్చుంది. అన్నేళ్ళలో ఆమె ఆ గదిలో కూర్చోగా నేను చూడలేదు. ఎప్పుడూ గుమ్మంలోంచే మాట చెప్పి వెళ్ళేది.

"చిన్నదిగా ఉన్నప్పుడే దొరికిందంటన్నారు," అంది.

"అవునక్కా."

"కోస్తారంట."

"అవును."

అద్దం అవతల బల్లమీద ఒక ముసలాయన పడుకుని ఉన్నాడు. నోయిడా నుంచి వచ్చాడు. కొత్త నర్సు పట్టీ కడుతోంది. ఆయన భయంతో అటూ ఇటూ చూస్తున్నాడు. సిస్టర్ ఆయన్ని చాలాసేపు చూసింది.

"ఇక్కణ్ణించి చూస్తే మనుషులు ఇంత చిన్నగా కనపడతారా?" అని అడిగింది.

వెంటనే లేచి, కొంగు నడుముకు దోపుకుని, తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. ముసలాయన పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. పెదవులు కదులుతున్నాయి, మాట వినపడడం లేదు. ఇంట్లో ఎవరెవరున్నారని అడుగుతోందని తెలుస్తోంది. ఆయన చెయ్యి తిప్పుతూ ఏదో చెబుతున్నాడు. ఆమె తలూపుతూ ఆయన పొట్టమీద చెయ్యేసింది.

అద్దంలోంచి ఆమె కూడా అంత చిన్నగానే కనిపించింది.